ముందరి డిస్కు చెప్పిన జవాబు

సింగానల్లూరులో నేను పనిచేసే ఆఫీసు ఒక పాత మిల్లు వెనక సందులో, మేడ మీద ఉంది. కింద మోటార్లకు రాగి తీగ చుట్టే వర్క్‌షాపు. మా ఓనరు పాత కంప్యూటర్లు కొంటాడు. వాటి హార్డ్ డిస్కులు ఊడదీసి, పరీక్ష చేసి, బాగున్నవాటిని మళ్లీ అమ్ముతాడు. నేను చేరిన కొత్తలో ఆ గది నిండా మనుషులుండేవాళ్లు. ఒకరు బెంగళూరుకు, ఇంకొకరు ఇంటినుంచే చేసుకునే ఉద్యోగానికి, అలా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. డిస్కుల గుట్టను ఇంటికి మోసుకుపోవడం కుదరదు గనక నేను మాత్రం రోజూ ఆఫీసుకు రావలసి వచ్చింది.

ఓనరు పొద్దున ఒకసారి వచ్చి, డిస్కుల డబ్బాలు దింపించి వెళ్లేవాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. కొన్ని రోజులైతే సందు చివర కొట్టులో టీ అడిగిన మాట తప్ప ఇంకే మాటా నా నోటినుంచి వచ్చేది కాదు. మధ్యాహ్నం క్యారియరు విప్పి తింటూ కిటికీలోంచి కింద తీగ చుట్టేవాళ్లను చూసేదాన్ని. వాళ్లు గుంపుగా కూర్చుని తినేవాళ్లు.

డిస్కులను పరీక్షించే ప్రోగ్రాము నేను రాసింది కాదు. నాకు ముందున్న సీనియర్ ఒకాయన సీ భాషలో రాసి వెళ్లాడు. మామూలు ప్రోగ్రాములు డిస్కులోని ఫైళ్లను అడుగుతాయి. ఇది ఫైళ్ల జోలికి పోకుండా నేరుగా డిస్కునే పలకరిస్తుంది. నీ నంబరెంత, ఎన్ని గంటలు తిరిగావు, నీలో ఎంత భాగం పాడైంది అని అడుగుతుంది. డిస్కు చెప్పినదాన్ని చిన్న లేబులు మీద ముద్రిస్తుంది. ఆ లేబులు డిస్కుకు అంటించి అమ్మడమే మా పని.

ఒకరోజు ఓనరు నన్ను కారెక్కించుకుని తిరుప్పూరు తీసుకెళ్లాడు. అక్కడ ఒక బనియన్ల కంపెనీ మా దగ్గర కొన్న డిస్కు కొద్దిరోజులకే ఆగిపోయిందట. అందులో పెట్టుకున్న ప్రింటింగు డిజైన్లన్నీ పోయాయి. అక్కడి మేనేజరు అరవలేదు. డిస్కును బల్ల మీద పెట్టి, మా లేబులు వైపు వేలు చూపించాడు. ‘గుడ్’ అని ఉంది. నేను డిస్కును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. కంపెనీవాళ్లు అచ్చు వేసిన నంబరు ఒకటి. మా లేబులు మీది నంబరు ఇంకొకటి.

అంటే మా ప్రోగ్రాము ఇంకేదో డిస్కు ఆరోగ్యాన్ని దీని మీద అంటించింది. తిరిగివచ్చేటప్పుడు కారులో, సూలూరు దాటాక ఓనరు అన్నాడు, “కండుపిడిమ్మా. అదువరైక్కుం ఒరు డిస్కు కూడ వెళియ పోకాదు.” కనిపెట్టేదాకా ఒక్క డిస్కు కూడా బయటికి పోదని.

మర్నాటినుంచి ఆ తప్పు వెంట పడ్డాను. డిస్కులను పెట్టే పెట్టెకు వరసగా గూళ్లున్నాయి. ఒక్కో గూట్లో ఒక్కో డిస్కు గుచ్చుతాం. తిరుప్పూరు డిస్కును గుచ్చి ప్రోగ్రాము నడిపితే నంబరు సరిగ్గా వచ్చింది. తీసి మళ్లీ ఏదో ఒక గూట్లో గుచ్చితే పక్కదాని నంబరు వచ్చింది. ఏ గూటికి కంప్యూటరు ఏ పేరు పెడుతుందో ప్రతిసారీ మారిపోయేది గనక తప్పు ఎక్కడుందో పట్టు దొరకలేదు. కేబులు మార్చాను. కరెంటు సరిగా అందడం లేదేమోనని అడాప్టరు మార్చాను. డిస్కు పంపే నంబరులో అక్షరాలు జంటలు జంటలుగా వెనకాముందూ అయి వస్తాయి. వాటిని తిప్పి సరిచేసే భాగాన్ని సీనియర్ బాగానే రాశాడు. బాగానే ఉందని తెలిసినా, ఇంకేం చేయాలో తోచక దాన్నీ తిరగరాశాను. తప్పు అట్లాగే ఉంది.

సీనియర్‌కు ఫోనులో మెసేజీ పెట్టాను. రెండు రోజులకు జవాబు వచ్చింది: “అది అప్పుడు పనిచేసేది.”

ప్రశ్న పంపిన ప్రతిసారీ కంప్యూటరు సున్నా అని జవాబిచ్చేది. సున్నా అంటే అంతా సవ్యంగా జరిగిందని. ఆ సున్నాను నేను నమ్మాను. నమ్మి, మిగతా అన్నిచోట్లా వెతికాను.

నేను అద్దెకున్న గది ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరం. కింది వాటాలో ఇంటి ఓనరమ్మ ఇడ్లీ మావు, అంటే పిండి, రుబ్బి అమ్ముతుంది. ముందు గదిలో పెద్ద గ్రైండర్లు, ఒక కౌంటరు. ఆమె భర్త పగలంతా స్పేర్‌పార్టుల షాపులో ఉంటాడు. వాళ్ల పెద్దలు ఆ చుట్టుపక్కల పొలాలున్నవాళ్లు. ఆమె యాభై దాటిన మనిషి, చురుకైనది. నేను అక్కడ చేరాక చాలాకాలం మేమిద్దరం అరవంలోనే మాట్లాడుకున్నాం. ఒకసారి మెట్ల మీద నిలబడి మా అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే ఆమె విన్నది.

“అమ్మిణీ! నువ్వు తెలుగా? ఇన్నాళ్లూ ఏంటికి చెప్పలేదు?” అని కౌంటరు దాటి వచ్చింది. “మా ఇంట్లో మా అత్త పోయినాక ఎవురూ తెలుగు మాట్లాడేదే లేదు. బిడ్డలకు చెప్తే అర్థమవుతాది, నోరు రాదు.”

ఆ రోజునుంచి సాయంత్రాలు నన్ను పిలిచి గ్రైండరు పక్కన స్టూలు వేసేది. ఆమె మావు ప్యాకెట్లలో నింపుతుంటే నేను మూతులు కట్టేదాన్ని. ఆమె తెలుగు వేరు, మాది వేరు. మేం మదురైలో పలికే కొన్ని మాటలకు ఆమె నవ్వేది. ఆమె మాటలు కొన్ని నాకు మా ముసలవ్వ నోట విన్నట్టు ఉండేవి. ఒకసారి అడిగింది, “మదురైలో ఏ పక్కం? మీరెవురు?” నేను రైల్వే స్టేషన్ దగ్గరని మాత్రం చెప్పి, గ్రైండరులో నీళ్లు చాలలేదేమో చూడమన్నాను.

తప్పు దొరక్క నేను నలిగిపోతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆమె నా ముఖం చూసి ఊరుకోలేదు.

“ఏం పని చేస్తా ఉండావు అమ్మిణీ, మొగం ఇట్లా వాడిపోయుండాది? చెప్పు.”

“చెప్తే మీకు బోరు కొడుతాది అక్కా.”

“నేనేం చదివినదాన్ని కాదు. అయినా చెప్పు, వింటా.”

నా పని గురించి అంతవరకు ఎవరితోనూ తెలుగులో మాట్లాడి ఎరగను. మా అమ్మకు కూడా కంప్యూటరు పని అనే చెప్పాను. తెలుగు అక్షరాలు మా చర్చి ఆదివారం బడిలో నేర్చినవే. అక్కడి పాఠాల్లో ఈ మాటలు లేవు. తడుముకుంటూ మొదలుపెట్టాను.

“డిస్కును నీ నంబరేమని అడుగుతాను అక్కా. దాని ముందర ఒక గిన్నె పెడతాను. అది జవాబును ఆ గిన్నెలో వెయ్యాల. నేను గిన్నెలో ఉండేది చూసి లేబులు వేస్తాను.”

“సరి.”

“నేనడిగింది పోయి చేరిందని కంప్యూటరు చెప్తాది. తప్పేమీ లేదంటాది. అయినా గిన్నెలో పక్క డిస్కు నంబరుంటాది.”

“అడిగింది చేరింది సరి. అది నోరు తెరవలేదంటే?” అంది ఆమె, ప్యాకెట్టు తూకం వేస్తూ.

“నోరు తెరవకుంటే గిన్నెలో ఏమీ పడదు. అప్పుడు గిన్నెలో...”

ఆగిపోయాను. అప్పుడు గిన్నెలో ముందరి డిస్కు వేసిపోయిందే ఉంటుంది. ఒక డిస్కుకూ ఇంకో డిస్కుకూ మధ్య ఎవరూ ఆ గిన్నె కడగలేదు. సున్నాకు అర్థం ప్రశ్న పోయి చేరిందని మాత్రమే. జవాబు వచ్చిందా లేదా అన్నది వేరే చోట రాసి ఉంటుంది. దాన్ని మా ప్రోగ్రాము ఎన్నడూ చదవలేదు.

“ఏమాయె?” అందామె.

“తెలిసింది అక్కా. తెలిసిందనుకుంటా.”

“తెలిస్తే మంచిది. ఆ మూతులు కట్టు, జనం వచ్చేస్తారు.”

మర్నాడు ఆఫీసు తాళం తీసిన వెంటనే ప్రోగ్రాములో ఒక వాక్యం చేర్చాను. ప్రతి ప్రశ్నకు ముందు ఆ చోటంతా సున్నాలతో తుడిచేయమని. నడిపితే ఒక డిస్కుకు లేబులు ఖాళీగా వచ్చింది. అంతదాకా తప్పుడు నంబరు ఇచ్చిన చోట తెల్ల కాగితం. ఆ తెల్ల కాగితాన్ని చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. తర్వాత, జవాబు తాలూకు మంచీచెడూ రాసి ఉండే భాగాన్ని చదివించాను. అక్కడ స్పష్టంగా ఉంది, ఈ ప్రశ్న నాకు అర్థం కాలేదని. ఆ మాట అన్నది డిస్కు కాదు, దాన్ని గుచ్చిన గూడు. ఆ పెట్టెలో ఒక గూడు చెడిపోతే దాని బదులు తర్వాత వేరే తయారీది తెచ్చి బిగించారు. డిస్కుకూ కంప్యూటరుకూ మధ్య మాటలు చేరవేసే చిప్పు అందులో వేరు. మేం పంపే పొడుగు ప్రశ్న దానికి తెలియదు. అదే ప్రశ్నకు ఇంకో పొట్టి రూపం ఉంది. ఆ రూపంలో అడిగాను. డిస్కు తన నంబరు చెప్పింది. తిరుప్పూరు డిస్కును ఆ గూట్లోనే పెట్టి అడిగితే, తనలో చాలా భాగం పాడైందని కూడా చెప్పింది.

ఆ గదిలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. కింద మోటార్ల చప్పుడు అలాగే ఉంది.

ఓనరుకు ఫోను చేస్తే, “గుడ్, గుడ్. పాత స్టాకు అంతా తిరగ టెస్ట్ చెయ్యి,” అని పెట్టేశాడు. సీనియర్‌కు రాస్తే బొటనవేలు బొమ్మ పంపాడు. అమ్మకు చేశాను. డ్యూటీలో ఉన్నట్టుంది, ఎత్తలేదు. ఇంతకాలం వెంటపడిన తప్పు దొరికిందని చెప్పడానికి నాకు ఇంకెవరున్నారా అని ఆలోచించాను. సాయంత్రం గబగబా ఇంటికి నడిచాను.

“దొరికె అక్కా! మీతో మాట్లాడతా ఉంటేనే దొరికె!”

ఆమె నిజంగా సంతోషించింది. లోపలికెళ్లి వేడి పణియారాలు తెచ్చి పెట్టింది. నేను తింటూ ఉంటే పక్కన కూర్చుని, “బుద్ధిగల బిడ్డ. మీ నాయిన ఏం చేస్తా ఉండాడు? మీరెవురని అడిగితే చెప్పనే లేదే నువ్వు,” అంది.

సంతోషంలో ఉన్నాను. దాచాలనిపించలేదు. “మా నాయిన కార్పొరేషన్లో చెత్త ఎత్తే కుప్ప లారీ మీద పనిచేసె. ఇప్పుడు రిటైరు. అమ్మ ఆసుపత్రిలో ఆయా. మేం చర్చికి పోయేవాళ్లం అక్కా.”

“ఓ,” అంది. కాసేపు తన చేతులను చూసుకుంది. మావు ఎండి వేళ్లకు పట్టి ఉంది. లేచి కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, అక్కడినుంచే అరవంలో అంది, “సరిమ్మా, పోయి రెస్ట్ ఎడు.” వెళ్లి విశ్రాంతి తీసుకోమని.

మర్నాటినుంచి ఆమె నాతో తెలుగు మాట్లాడలేదు. కోపం లేదు, మాటలో మర్యాద తగ్గలేదు. నీళ్లు వస్తున్నాయని చెప్పేది, కరెంటు బిల్లు వచ్చిందని చెప్పేది. అంతా అరవంలో. అమ్మిణీ అనే పిలుపు కూడా పోయింది. స్టూలు మాత్రం గ్రైండరు పక్కనే ఉండేది. దాని మీద ప్యాకెట్ల కట్ట పెట్టి ఉండేది.

నేను మొండిగా తెలుగులోనే జవాబిచ్చేదాన్ని. ఆమె అరవంలో అడిగితే నేను తెలుగులో చెప్పేదాన్ని. కొన్ని వారాలు అట్లా నడిచింది. ఒక సాయంత్రం ఆమె ఏదో అడిగింది, నేను మెట్లెక్కుతూనే చెప్పి గదిలోకి వచ్చాను. తలుపు వేసుకున్నాక తెలిసింది, అరవంలో చెప్పానని. మంచం మీద కూర్చుండిపోయాను. ఎవరూ ఏమీ చేయలేదు, అంతా మామూలుగానే ఉంది. అయినా ఆ పూట ఏడుపు ఆగలేదు.

పగలు పాత స్టాకంతా మళ్లీ పరీక్షిస్తూ గడిపాను. తప్పుడు లేబుళ్లు గోటితో గీకి తీసేదాన్ని. గూళ్ల ముందు కూర్చుని, “నీ నంబరేం? చెప్పు, చెప్పు,” అని డిస్కులతో తెలుగులో మాట్లాడడం అలవాటైపోయింది. మొదట్లో సిగ్గేసేది. వినేవాళ్లు లేరు గనక మానలేదు.

వానలు మొదలయ్యాక అమ్మ నన్ను చూడడానికి మదురై నుంచి వచ్చింది. దారిలో దిండిగల్‌లో బస్సు ఆగినప్పుడు కొన్న జామకాయలు సంచీలో తెచ్చింది. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి కౌంటరు దగ్గర నిలబడి ఓనరమ్మతో మాట్లాడుతోంది. జరిగినదేదీ నేను అమ్మకు చెప్పలేదు. ఆ యమ్మ తెలుగు మాట్లాడుతుందని, మంచిదని, మొదట్లో ఫోనులో చెప్పిందే అమ్మకు తెలుసు.

అమ్మ తెలుగులో అడుగుతోంది, ఓనరమ్మ అరవంలో చెబుతోంది. అమ్మ కాసేపు చూసి నవ్వేసింది.

“ఏమ్మా, తెలుగు మర్సిపోతివా? మా పాప చెప్పింది, నువ్వు బాగా మాట్లాడుతావని.”

ఓనరమ్మ నావైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

“మర్సిపోలే,” అంది ఆమె మెల్లిగా. “ఎట్ల మర్సిపోతాం.”

అమ్మ సంచీలోంచి జామకాయలు తీసి కౌంటరు మీద పెట్టింది. ఆమె తీసుకుంది. వాటిని లోపలికి తీసుకెళ్లిందో లేదో నేను చూడలేదు. అమ్మ ఆ రాత్రి నా మంచం మీద పడుకుని, మనిషి మంచిదే, కొంచెం సిగ్గు అంది. అవునన్నాను.

అమ్మ వెళ్లిన సాయంత్రం నేను గేటు తీస్తుంటే ఓనరమ్మ గ్రైండరు ఆపింది.

“అమ్మ పోయేసిందా?” అంది, తెలుగులో.

“పోయింది అక్కా.”

ఇంకేదో అంటుందని నిలబడ్డాను. ఆమె గ్రైండరు మళ్లీ వేసింది. మర్నాడు నీళ్ల సంగతి అరవంలో చెప్పింది. ఆ ఇంట్లో నేను ఇంకో ఏడాది ఉన్నాను.