వాసన చూసి కాచిన బీరు

శశికళ బీరు కాచేది గానీ తాగేది కాదు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ముందు నవ్వేది ఆవిడే. "వీణలు చేసేవాళ్ళందరికీ సంగీతం వచ్చా ఏమిటి?" అని ఒక సమర్థన తయారు చేసుకుని, అది తనకే అంతగా నప్పక మళ్ళీ నవ్వేది.

పిస్కాటవే అనే ఊళ్ళో ఒక మందుల కంపెనీ లాబ్‌లో ఆవిడ ఉద్యోగం. పక్క బల్ల దగ్గర పెగ్గీ. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాదని చట్టం మారిన కొత్తలో, పెగ్గీ తన బేస్‌మెంట్‌లో పెద్ద గిన్నె ఒకటి పొయ్యి మీదికెక్కించి, నెలకోసారి స్నేహితుల్ని పోగు చెయ్యడం మొదలుపెట్టింది. ఒకసారి శశికళని కూడా లాక్కెళ్ళింది. వేణ్ణీళ్ళలో నానుతున్న బార్లీ మాల్ట్ వాసన తగిలేసరికి, చంటిపిల్లలకి కాచే రాగి జావ గుర్తొచ్చి శశికళ మెట్ల మీదే ఆగిపోయింది. ఈస్ట్ వేసిన జాడీలో నురగ పొంగుతుంటే చూసి, "ఇది మన ఇడ్లీ పిండే. కాస్త పల్చగా ఉందంతే" అని తీర్మానించింది. ఇంక ఆవిణ్ణి ఆపేవాళ్ళు లేకపోయారు.

ఆవిడకి తన ముక్కు మీద అపారమైన నమ్మకం. నాయనమ్మ వంటింట్లో పెరిగిన మనిషి. అక్కడ దేవుడికి నైవేద్యం పెట్టకముందు వంట రుచి చూడడమంటే ఎంగిలి చెయ్యడమే. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి మొహానికి తగిలినప్పుడే తెలియాలి. అమెరికా వచ్చాక రుచి చూడొద్దని అడ్డుపడే వాళ్ళెవరూ లేరు. అయినా గరిటె నోటి దాకా తీసుకెళ్ళే అలవాటు ఆవిడకి రాలేదు. బీరు విషయంలో అయితే మరీ సౌకర్యం. తాగననే నియమానికీ భంగం లేదు, వంటింటి సంప్రదాయానికీ భంగం లేదు.

పైగా పుస్తకంలో ఉన్న కొలతలు పాటించడం తన స్థాయికి తగదనుకుంది. అన్నీ సొంత రెసిపీలే. శొంఠి బీరు, ధనియాల బీరు, మిరియాలూ బెల్లమూ వేసిన నల్ల బీరు. హాప్స్ అనే ఎండు పువ్వుల దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. బీరుకి చేదునీ వాసననీ ఇచ్చేవి అవే. మరిగే గిన్నెలో వెయ్యగానే ఇల్లంతా గుప్పుమంటుంది. కాసేపటికి ఆ వాసన ఆవిరైపోతుంది. చారులో ఇంగువ వాసన తగ్గితే ఏం చేస్తాం? ఇంకాస్త వేస్తాం. శశికళ అదే చేసింది. వాసన తగ్గినప్పుడల్లా ఇంకో గుప్పెడు. వాసన పోయినా చేదు ఎక్కడికీ పోదనీ, గుప్పెడు మీద గుప్పెడు లోపల పోగవుతూనే ఉంటుందనీ ముక్కుకేం తెలుసు? చేదుకి వాసన ఉండదు. "నా కెమిస్ట్రీ అంతా లాబ్ కోటుతో పాటు అక్కడే కొక్కేనికి తగిలించి ఇంటికొచ్చేదాన్ని" అని తరవాత తరవాత ఆవిడే చెప్పుకునేది.

పెగ్గీ బేస్‌మెంట్‌లో చేరేవాళ్ళు ఆ బీరు ఒక గుక్క తాగి, కనుబొమలు పైకెత్తి, "ఇంట్రెస్టింగ్!" అనేవారు.

"అందరి బీరూ గుడ్ అన్నారండీ. నాదొక్కటే ఇంట్రెస్టింగ్ అన్నారు" అని ఇంటికొచ్చి భర్త జగన్మోహన్‌కి చెప్పేది. శనివారం శనివారం ఆయనకి ఒక గ్లాసు పోసిచ్చేది. ఆయన కళ్ళు మూసుకుని తాగి, "బావుంది" అనేవాడు.

పంధొమ్మిది వందల ఎనభై మూడు వసంతంలో ఒకరోజు పెగ్గీ లంచ్ దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకుంది. "జూన్‌లో మా అమ్మాయి డెబీ పెళ్ళి. బీరు నీ చేతిది కావాలి. నా పెళ్ళికి మా అక్క కేక్ చేసింది. నాకిక్కడ నువ్వు తప్ప అక్కలెవరున్నారు చెప్పు?"

శశికళ సాయంత్రం ఇంట్లో అడుగు పెడుతూనే ఆ వార్త చెప్పింది. "పెళ్ళికొడుకు తాతగారు బీరు కంపెనీలో పనిచేసి రిటైరయ్యారట. ఇక ఆయన నోరు మూయించాలి. ధనియాలూ శొంఠీ రెండూ వేస్తాను."

జగన్మోహన్ చేతిలో పేపరు పక్కన పెట్టాడు. "పెళ్ళికా?"

"ఆ."

"అంతమంది ముందా?"

"అలా మాట్లాడతారేమిటి?"

"శశీ, నామాట విని ఒక్క చుక్క నాలిక మీద వేసుకో."

"నేనా? తాగడమా?"

"తాగొద్దు. ఊసెయ్. నోట్లో వేసుకుని ఊసెయ్."

"ఎందుకూ? మీరే కదా బావుందన్నారు?"

"పెళ్ళయిన దగ్గర్నించీ నేనెప్పుడైనా దేన్నయినా బావులేదన్నానా?"

"ఉప్పు మర్చిపోయిన పప్పుకీ బావుందన్నారు..."

"మరి! అది గుర్తుండి కూడా నన్ను నమ్మావా?"

శశికళ టీ స్పూన్‌తో ఇంత తీసుకుని, మందు మింగే పిల్లలా కళ్ళు గట్టిగా మూసుకుని నోట్లో పోసుకుంది. వేపచెక్క కషాయం! కాదు, వేపచెక్క నయం. సింకు దగ్గరికి పరిగెత్తి, పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించి, కొంగుతో నాలిక తుడుచుకుని అక్కడే కూలబడింది. మూడేళ్ళుగా తను ఎంతమంది చేత ఇది తాగించిందో ఒక్కొక్క మొహమే కళ్ళముందు కదిలింది. అన్నిటికీ కనుబొమలు పైకే ఉన్నాయి.

"ఏమండీ, మరి నా పులుసు?" అంది భయంగా.

"దాని జోలికిప్పుడు పోకు" అన్నాడు జగన్మోహన్.

వెంటనే పెగ్గీకి ఫోన్ చేసింది. "ఇంత అన్యాయమా పెగ్గీ? ఒక్కసారైనా చెప్పొద్దా? ఇది తాగలేమని తెలిసీ కూతురి పెళ్ళికి అడుగుతావా?"

పెగ్గీ బుజ్జగించింది. "హనీ, నువ్వెప్పుడూ వాసన ఎలా ఉందనే అడిగేదానివి. వాసన అద్భుతంగానే ఉండేది. రుచి ఒక్కసారీ అడగలేదు. మా వియ్యాలవారు ఏమైనా అనుకోనీ. నువ్వు చేసిందే పోస్తాను."

తన మీద ప్రేమకొద్దీ పెగ్గీ వియ్యాలవారి ముందు నవ్వులపాలు కావడానికి సిద్ధపడింది. అది శశికళకి ఆ చేదుకంటే గట్టిగా తగిలింది.

ఆ వారాంతం నించీ వంటింట్లో కొత్త పాలన. ఒక చేతిలో గడియారం, ఒక చేతిలో టీ స్పూన్. నోట్లో వేసుకోవడం, మొహం వికారంగా పెట్టడం, ఊసెయ్యడం. నాయనమ్మకి మనసులోనే క్షమాపణ చెప్పుకుంటూ ఒక్కొక్కటే తీసేసింది. ముందు మిరియాలు పోయాయి, తరవాత బెల్లం. శొంఠిని తీసెయ్యాల్సి వచ్చినప్పుడు సొంత మేనత్తని పంక్తిలోంచి లేపినట్టు బాధపడింది. హాప్స్ మొదట్లో ఒక చారెడు, దింపే ముందు ఒక చిటికెడు. మధ్యలో వాసన తగ్గినా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ధనియాలు మాత్రం కాసిని మిగిల్చుకుంది. చివరికి జగన్మోహన్ ఒక గ్లాసు తాగి, ఏమీ అనకుండా రెండో గ్లాసు పోసుకున్నాడు.

అంతా అయ్యాక కూడా ధైర్యం చాలలేదు. మిగిలిపోతే పరువు పోతుందని పెగ్గీ అడిగిన దాంట్లో సగమే సీసాల్లో నింపింది.

పెళ్ళినాడు చర్చి హాల్లో, కంచిపట్టు చీర కట్టుకుని బీరు బల్ల వెనకాల నిలబడింది. తాతగారు వచ్చి గ్లాసు అందుకున్నారు. ఒక గుక్క తాగి, తన మోకాలి నొప్పి గురించి చెప్పడం మొదలుపెట్టారు. బీరు ఊసే లేదు. మోకాలి ఆపరేషన్ దాకా వచ్చేసరికి గ్లాసు ఖాళీ. చెప్పడం ఆపకుండానే గ్లాసు ముందుకు చాపారు. శశికళ పోసింది. మళ్ళీ చాపారు. మళ్ళీ పోసింది.

కేక్ కొయ్యకముందే సీసాలన్నీ అయిపోయాయి. పెళ్ళిలో వడ్డన మధ్యలో అయిపోవడం కంటే ఘోరం శశికళకి తెలిసి ఇంకోటి లేదు. జగన్మోహన్ని లిక్కర్ షాపుకి తరిమింది. ఆయన డబ్బాల్లో తెచ్చిన బీరు గబగబా జగ్గుల్లోకి వంపి, ఏమీ ఎరగనట్టు పొయ్యడం మొదలుపెట్టింది. జనం తాగారు, డాన్స్ చేశారు. ఒక్కరూ తేడా కనిపెట్టలేదు. "చూశావా నీ గొప్ప రెసిపీ" అని తనని తాను వెక్కిరించుకుంటూనే ఉంది, తాతగారు మళ్ళీ వచ్చారు.

ఆయన ఒక గుక్క తాగారు. గ్లాసులోకి చూశారు. దాన్ని మెల్లిగా బల్ల మీద పెట్టేసి, "ఇందాకటిది లేదా?" అన్నారు.

"అయిపోయిందండీ" అంది శశికళ, కంగారులో తెలుగులోనే.

ఆయనకి ఏమర్థమైందో ఏమో తలూపి, కాఫీ ఏమైనా దొరుకుతుందా అని అడిగారు. శశికళ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, కాఫీ తేవడానికి స్వయంగా తనే వెళ్ళింది.