కండె మెడ బొమ్మ

ధర్మవరం నేతగాళ్ల ఇళ్లలో పెరిగిన నా యీడు మిత్రులారా, కండె మెడ బొమ్మ గుర్తుందా? నిన్న మునిమనుమరాలు మెడ విరిగిన ప్లాస్టిక్ బొమ్మను నా చేతికిచ్చి బాగుచేయమంది. వెంటనే అక్క బొమ్మ తలపుకు వచ్చింది.

నేతకు పట్టుదారం చుట్టే వెదురు గొట్టమే కండె. దానినే మా నాయన అక్క బొమ్మకు మెడగా అమర్చాడు. కొయ్య తల దాని మీద కుడియెడమలకు తిరిగేది, కిందికి మాత్రం వంగేది కాదు. ఆ బొమ్మకు కాదనడమే వచ్చు, ఔననడం రాదు.

వానలు ముఖం చాటేసి, చీరలు అమ్ముడుపోని యేడు నాయన అక్కతో అన్నాడు:

"పాపా, ఇంగ బడి చాలు. రేపట్నుంచి కండెలు నువ్వే చుట్టల్ల."

అక్క బొమ్మ తలను అటూ ఇటూ తిప్పింది. "బొమ్మ వద్దంటాండాది నాయనా!"

"బొమ్మనెవురడిగినారు మే?" అంటూ ఆయన బొమ్మ తల ఊడదీసి, కండెను లాగి అక్క చేతిలో పెట్టాడు. "దీంతోనే మొదలుపెట్టు."

మరునాడు నేను బడికి వెళ్లాను. అక్క రాట్నం ముందు కూర్చుంది. ఆమె చుట్టిన దారం మీదనే నా కావ్యపాఠాలన్నీ సాగాయి. ఇప్పుడు సభల్లో నన్ను పండితుడని పిలిచి శాలువా కప్పుతారు.

ఆ కొయ్య తలను అక్క చాలాకాలం దాచుకుంది. మెడ పోయాక అది ఇక దేనికీ కాదనలేదు. అక్క కూడా అనలేదు.