ఆ రోజు ల్యూసిల్ గారు తాగలేదు

మా ఆస్పత్రిలో నాతోపాటు పనిచేసే నర్సు డోరతీ ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర తన మేనత్త సంగతి చెప్పకపోతే, నేను వర్జీనియా దక్షిణపు కొసకి వెళ్ళేదాన్నే కాదు. అక్కడ చూడడానికి కొండా లేదు, సముద్రమూ లేదు. పొగాకు చేలు, వాటి మధ్య ఒక చిన్న పట్నం. అందులో ఉంటారు ల్యూసిల్ గారు. నల్లవాళ్ళు బస్సులో వెనక సీట్లలోనే కూర్చోవాలని చట్టం ఉన్న రోజుల్లో ఆవిడ ముందు సీటు దగ్గర్నుంచి కదలనన్నారు. పోలీసులు లాక్కెళ్ళారు. కేసు మాత్రం సీటు గురించి పెట్టలేదు. తాగి గొడవ చేసిందని పెట్టారు.

"అత్తకి గుండె జబ్బు ముదిరింది. తాగుబోతన్న మాట మోసుకుని మట్టిలోకి పోను, కోర్టుకెళ్ళి అది తీయించుకుంటాను అంటోంది. నేనొక్కదాన్నే వెళ్తే అక్కడ ఎవరి మీదైనా చెయ్యి చేసుకుంటానేమో. నువ్వు రా," అంది డోరతీ.

ఎనభైల మొదట్లో మాట ఇది. గురువారం తెల్లారేసరికి జెర్సీ సిటీలో బయల్దేరాం. మా ఆయన న్యూయార్క్ బస్ టెర్మినల్ దాకా డ్రైవ్ చేశారు. దారంతా ఒకటే పాట.

"లీవంతా వేస్ట్ చేసుకుని ఎవరి కోర్టుకో నువ్వెందుకు కరుణా? మన గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు, గుర్తుందా?"

"నేనేం కేసు వేయట్లేదండీ. పక్కన కూర్చుంటాను, అంతే," అన్నాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళు రానూపోనూ టికెట్లు ఒకేసారి కొనుక్కుంటే చవక. వాషింగ్టన్‌లో బస్సు మారాలి. అక్కడ టిఫిన్ తిందామంటే డోరతీ అట్టపెట్టె విప్పింది. వేయించిన కోడి, ఉడికించిన గుడ్లు, బ్రెడ్డు.

"మా అమ్మ అలవాటు. ఆ రోజుల్లో ఈ దారి హోటళ్ళలో మా నల్లవాళ్ళని కూర్చోబెట్టి పెట్టేవాళ్ళు కాదు. ఇప్పుడు పెడతారు. నాకే మింగుడు పడదు," అంది.

రిచ్‌మండ్ దాటాక ఊళ్ళు పలచబడ్డాయి. పొద్దు వాలే వేళకి దిగాం. ల్యూసిల్ గారు బస్సు దగ్గరికే వచ్చారు. పొడుగు మనిషి. మా సంచులు మమ్మల్ని మోయనివ్వలేదు. రాత్రి భోజనానికి చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె పెట్టారు. తిన్నాక వసారాలో కూర్చుని, అడగకుండానే చెప్పారు.

"అమ్మని పక్క ఊరి ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. మోకాళ్ళు వాచిపోయి వెనక దాకా నడవలేకపోయింది. ముందు సీట్లో కూర్చోబెట్టి పక్కన నిలబడ్డాను. డ్రైవర్ ఇద్దర్నీ వెనక్కి పొమ్మన్నాడు. ఆవిడ నడవలేదు, మేం కదలం అన్నాను."

"మరి తాగారని కేసెందుకు పెట్టారాంటీ?" అని అడిగాను.

"సీటు కేసైతే ఆ చట్టాన్నే పై కోర్టుకి ఈడ్చడానికి అప్పట్లో లాయర్లున్నారు. తాగుబోతు కోసం ఎవరొస్తారమ్మా?"

మళ్ళీ ఆవిడే అన్నారు. "జైలు భరించాను. నన్ను దింపేసి, అమ్మని ఎక్కించుకుని బస్సు వెళ్ళిపోయింది చూడు, అది భరించలేకపోయాను. ఆ ఊళ్ళో దిగి సాయంత్రం దాకా బస్టాపు బల్ల మీద పడి ఉంది. ఆస్పత్రికి చేర్చిన దిక్కు లేదు. ఆ చలికాలం దాటలేదు. చర్చిలో నన్ను పాటల బృందంలోంచి తీసేశారు, తాగిన నోటితో దేవుడి పాటలు పాడొద్దని."

నడవలేని రోగిని ఒంటరిగా తీసుకుపోయిన ఆ బస్సు నా కళ్ళముందు కదులుతుంటే ఒళ్ళు మండిపోయింది. మా నాన్న గుర్తొచ్చాడు. బాపట్ల దగ్గర పల్లెలో మిషన్ బడి మాస్టారు. బస్సులో సీటు ఖాళీ ఉన్నా ఊరి మోతుబరుల పక్కన కూర్చోకుండా నిలబడే వచ్చేవాడు. ఎందుకు నాన్నా అంటే, "నడుం నొప్పమ్మా, నిలబడితేనే హాయి," అనేవాడు.

శుక్రవారం పొద్దున్నే కోర్టుకెళ్ళాం. గుమాస్తా మర్యాదస్తుడే. లోపలికెళ్ళి చూసొచ్చి, ఆ కాలం కాగితాలు నేలమాళిగలో నీళ్ళకి పాడైపోయాయన్నాడు.

"అయితే ఆవిడ మీద నేరం లేనట్టేనా?" అన్నాను.

"అలా కాదు మేడమ్. కాగితం లేకపోతే కొట్టేయడానికి ఏమీ ఉండదు." ల్యూసిల్ గారి వైపు తిరిగి మెత్తగా అన్నాడు. "ఎవరికి గుర్తుంటుందండీ ఇప్పుడు? వదిలేయండి."

"నాకు గుర్తుంది," అన్నారావిడ.

బయటికొచ్చే నడవలో గోడ మీద ఆవిడకి శిక్ష వేసిన జడ్జి పటం ఉంది. అద్దం మీద దుమ్ము లేదు. కింద ఇత్తడి రేకు మీద పేరు మెరుస్తోంది. కాగితాన్ని నీళ్ళకి వదిలేసినవాళ్ళకి ఈ పటం తుడవడానికి మాత్రం తీరికుంది! డోరతీ పిడికిలి బిగించింది. దాని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాను.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ల్యూసిల్ గారు లేచి నిలబడ్డారు. "కోర్టు నా మాట తీసుకోలేదు. అందుకని ఇక్కడ చెప్తున్నాను. ఆ రోజు నేను తాగలేదు," అన్నారు.

అప్పుడు మా వెనక వరసలోంచి కర్ర ఊతంతో ఒక ముసలావిడ లేచింది. పేరు మాటీ.

"నేనా బస్సులో ఉన్నాను. పోలీసులు నీ చేతులు విరిచి పట్టుకుంటే, మీ అమ్మని ఆస్పత్రి గుమ్మం దగ్గర దించమని నువ్వు డ్రైవర్ని బతిమాలావు. తాగినవాళ్ళ మాట అలా ఉండదు. చెప్తే మా ఆయన పని పోతుందని నోరు మూసుకున్నాను."

ల్యూసిల్ గారు వెనక్కి తిరిగి చాలాసేపు చూశారు. "ఇన్నేళ్ళూ నా వెనకే కూర్చున్నావు కదే మాటీ," అన్నారు. అంతే.

పాటల బృందం పెద్ద గబగబా వచ్చి, ముందుకొచ్చి ఒక పాట పాడమన్నాడు.

"గొంతున్నప్పుడు అడగాల్సింది," అని కూర్చున్నారు. వాళ్ళు పాడుతుంటే పెదవి కదపలేదు. బయటికొచ్చేటప్పుడు మాత్రం మెట్ల దగ్గర ఆగి మాటీకి చెయ్యి అందించారు.

మధ్యాహ్నం బస్సుకి తిరుగు ప్రయాణం. డోరతీ ఇంకో రెండు రోజులు అత్త దగ్గర ఉంటానంది. నా పక్క సీట్లో తెల్లజుట్టు పెద్దమనిషి కూర్చున్నాడు. నా చీర చూసి, ఎక్కడిదానివని అడిగి, ఊరు నచ్చిందా అన్నాడు.

"ప్రశాంతమైన ఊరమ్మా. అక్కడెప్పుడూ ఏమీ జరగదు," అన్నాడు సంతోషంగా.

అమెరికాలో చాలా ఊళ్ళు చూశాను. ఎక్కడా నాకింత కోపం రాలేదు. మంచివాడే కావచ్చు, నాకు కాఫీ కూడా ఇవ్వబోయాడు. వద్దని, అతని వైపు తిరిగి కూర్చున్నాను. ఏం జరిగిందో చెప్పాను. వాచిన మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టి, బల్ల మీద పడి ఉన్న తల్లి గురించి, జడ్జి పటం గురించి, ఒక్కటీ వదలకుండా చెప్పాను. మధ్యలో అతను కిటికీ వైపు చూశాడు. నేను ఆపలేదు. రిచ్‌మండ్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.