పాత గౌను కొలత

మాన్వి దగ్గర కాలువ కింద మాకు పాతిక ఎకరాల వరి. మా అమ్మాయి, మా పొలంలో నాట్లు వేసే ఆమె కూతురు ఒకే నెలలో పుట్టారు. మా పిల్ల విడిచిన బట్టలు ఏటా ఉగాదికి ఆ పిల్లకి ఇవ్వడం మా ఇంటి ఘనమైన దానం. మొదట్లో నిరుటివి సరిపోయేవి. పదేళ్లు వచ్చేసరికి, మా పిల్ల ఏడో ఏట తొడుక్కున్న గౌను ఆ పిల్లకి కుట్టించినట్టు సరిపోయింది.

"వాళ్ళ వంశమే పొట్టిలే. ఏ పాతదిచ్చినా పనికొస్తుంది" అని మా అమ్మ మురిసిపోయింది. ఇంత చదివిన నేనూ గంగిరెద్దులా తలూపాను. మా ఇంట్లో బస్తాల్లో బియ్యం పురుగు పట్టిపోతున్నాయి.

మొన్న ఉగాదికి ఆ నాట్లు వేసే ఆమె పెద్దకొడుక్కి మా అబ్బాయి చొక్కా ఒకటి ఇచ్చాం. ఇద్దరిదీ ఒకే ఈడు. మర్నాడే ఆమె దాన్ని తిరిగి తెచ్చింది.

"వానికి ఈ అంగి పట్టలేదమ్మా. రెండేండ్ల సంది సర్కారు హాస్టల్ల ఉంటుండు గదా, దినాం గుడ్డు పెడ్తరంట. మస్తు పెరిగిండు" అంది నవ్వుతూ.

వంశం మాట మా అమ్మ మళ్ళీ ఎత్తలేదు. ఆమె వెళ్ళాక చొక్కా మడిచి బీరువాలో పెడుతూ, "ఊరికే వచ్చిన తిండి తిని బాగా బలిశారు" అంది.