నేల మీది బండ, కప్పు మీది బండ

మంచుకొండల మీది మా సైనిక చౌకీకి చేరేసరికి ఉదయం పదకొండున్నర. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఐదు గంటల నడక. వీపున ఇరవై రెండు కిలోల సామాను. ఎండ కాస్తూనే ఉంది, అయినా సీసాలో నీళ్లు గడ్డకట్టాయి. అక్కడ తొమ్మిది మందిమి, సగం తెలుగువాళ్లమే. నాకు అప్పగించిన మొదటి పని రేడియో బంకరుకు కొత్త కప్పు వేయడం. మంచు పడేలోగా, అంటే పది రోజుల్లో.

కొండవాలులో వెడల్పాటి బండలు దొరికాయి. చూడగానే ప్రాణం లేచొచ్చింది. మాది తాండూరు. నాపరాయి గనుల పక్కన పెరిగినవాణ్ని. సుత్తితో కొట్టి చూస్తే ఖంగుమన్నాయి. ఈ గోడ నుంచి ఆ గోడకు బండలు పరిచి, సందుల్లో మట్టి కూరి, పైన ఇసుక బస్తాలు పేర్చాను. మీసం తిప్పుకుంటూ నిలబడ్డాను.

చూడ్డానికి ఇంజనీరింగ్ హవల్దారు వచ్చాడు. మా వైపు పరిగి మనిషే. పైకి ఎక్కలేదు. లోపలికి దూరి, వెల్లకిలా పడుకుని, టార్చి వేసి బండల అడుగు చూశాడు. నడుమ దూలం ఏదని అడిగాడు.

“తాండూరోణ్ని ఉస్తాద్. రాయి సంగతి నాకెర్కే,” అన్నాను.

“నీకెర్క ఉన్నది నేల మీది బండ తమ్మీ. దానికి కింద అంతటా ఆసరా ఉంటది. గీడ రెండు కొసలే. పైన బరువు పడితే అడుగు సాగుతది. రాయి నొక్కుడుకు ఓర్తది, సాగుడుకు ఓర్వదు.”

ఉన్నది ఒకటే దూలం. వంటగది కోసం మోసుకొచ్చింది. దాన్ని బండల నడుమ కిందుగా అడ్డంగా పెట్టించి, రెండు గుంజలు నిలిపించి, సందు లేకుండా చెక్కలు బిగించి కొట్టించాడు. ఒక గుంజ సరిగ్గా రేడియో ఆపరేటర్ పడక పక్కకొచ్చింది. కాలు చాపుకోను జాగా లేదని అతను సణిగాడు. నేను లోలోపల ఉడికిపోయాను. నలుగురిలో పరువు పోయిందన్న బాధ నాది.

మంచు మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు ఉదయం తొమ్మిదీ ఇరవైకి, కప్పు మీది మంచు తీయడానికి పారలతో వెళుతుంటే, బంకరులో తుపాకీ పేలినట్టు చప్పుడు. డ్యూటీ దిగిన ఆపరేటర్ లోపల పడుకుని ఉన్నాడు. గుమ్మం మంచులో కూరుకుపోయింది. పారతో తవ్వసాగాను. నా బండ కింద మనిషి పోయాడనే అనుకున్నాను.

పావుగంటకు హవల్దారు చేతిలోని రేడియో పలికింది. “కప్పు పలిగింది. నాకేం కాలే. జర జల్దీ రాండ్రి.”

బండ నట్టనడుమ రెండు ముక్కలైంది. రెండు ముక్కలూ దూలం మీదే నిలిచాయి. నేను హవల్దారు కాళ్లకు దండం పెట్టబోతే భుజం పట్టి లేపి, ముందు ఆ మంచు తీయమన్నాడు. ఆయన ఏ రోజూ ఆ మాట ఎత్తి నన్ను చిన్నబుచ్చలేదు. అందుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

రెండేళ్లకు సర్వీసు ముగించుకుని తాండూరు తిరిగొచ్చాను. ఇప్పుడు వికారాబాదులో ఇళ్లకు స్లాబులు వేయిస్తున్నాను. ఇనుప కడ్డీలు నడుమ భాగంలో అడుగువైపున పడ్డాయో లేదో వంగి చూసుకోనిదే కాంక్రీటు పోయనివ్వను. మేస్త్రీలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

వంగిన ప్రతిసారీ ఆపరేటరే కనిపిస్తాడు. మేం లోపలికి దూరేసరికి రెండు చేతులతో గుంజను వాటేసుకుని, దానికి చెంప ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. కనురెప్పలు రాతిపొడితో తెల్లబడ్డాయి. వచ్చామని చెప్పినా చాలాసేపు వదల్లేదు.