వేళ్ళకు తెలియని బిగువు

2023 నవంబరు 18, శనివారం, ఉదయం 11 గంటల 20 నిమిషాలు. బిట్రగుంట రైల్వే కాలనీ పక్క వీధిలో, తన ఇంటి వరండాలో, జయకుమార్ ఒక పాత గిటారు తీగను దాని మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్లనే లోహపు పట్టీల్లో మొదటిదాని దగ్గరా చివరిదాని దగ్గరా నొక్కిపట్టి, నడుమ సందు కొలిచాడు. రెండు కాగితాల మందం ఉండవలసిన చోట 1.1 మిల్లీమీటర్లు ఉంది. మెడ ముందుకు వంగింది.

గిటారు కరుణాకుమారిది. ఆమె ఆరోగ్య కేంద్రంలో నర్సు; ఆదివారాలు ప్రార్థనలో వాయిస్తుంది. రైల్వే గార్డుగా పనిచేసిన ఆమె తండ్రి 1981లో దాన్ని కొన్నాడు.

"రేపు పొద్దున్నే కావాలన్నా. తీగ నొక్కేదానికి వేళ్ళు కోసుకుపోతా ఉండాయి," అన్నది ఆమె, ఎదురుగా స్టూలు మీద కూర్చుని.

ఆరు ఉక్కు తీగలు కలిసి మెడను సుమారు డెబ్భై కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు ఎదురు నిలిచేది మెడలోపల పొడవునా దాగిన ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ. తల దగ్గర దాని నట్టును బిగిస్తే మెడ వెనక్కి వస్తుంది. సముద్రపు గాలి మెడ చెక్కను ఉబ్బిస్తుంది, నట్టుకు తుప్పు పట్టిస్తుంది. ఇస్కపల్లిలో ఇరవై రెండేళ్ళు పడవ ఇంజన్లు బాగుచేసిన జయకుమార్‌కు ఆ తుప్పు కొత్త కాదు. తొమ్మిదేళ్ళుగా ఈ చుట్టుపక్కల పాత గిటార్లన్నీ అతని దగ్గరికే వస్తున్నాయి. అతనికి జరుగుబాటు అదే.

కరుణాకుమారికి తెలియనిది ఒకటుంది. పదకొండేళ్ళ చక్కెర వ్యాధి మొదట అతని అరికాళ్ళను మొద్దుబార్చింది. మొన్నటి వేసవి నుంచి వేలికొసలకూ పాకింది. ఆ మాట బయటికి పొక్కితే ఈ వరండాకు గిటారు రాదు. ఎరిగినది భార్య పేరమ్మ ఒక్కతే.

"చెప్పు జారి వీధిలో పడిపోయినా తెలవదు ఈయనకి," అన్నది పేరమ్మ, గుమ్మంలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. "నట్టు మాత్రం బాగా తెలస్తాదంట."

"నీ పని నువ్వు చూసుకోవే," అన్నాడు జయకుమార్.

కరుణాకుమారి నవ్వింది. అది మొగుడూ పెళ్ళాల వేళాకోళం అనుకున్నది.

అతను తీగలు వదులు చేశాడు. నట్టు మీద రెండు చుక్కల నూనె వేసి, అరగంట ఆగాడు. బిగించే ముందు నట్టును ఒకసారి విప్పి మరలు శుభ్రం చేయాలి. తుప్పు పట్టిన నట్టును విప్పే ముందు పడవ మెకానిక్కులు దాన్ని ఒక పిసరు బిగిస్తారు. తుప్పు పెళుసుగా విరిగి, నట్టు కదులుతుంది. ఇంజన్ బోల్టు లావు, ఓర్చుకుంటుంది. గిటారు కడ్డీ అయిదు మిల్లీమీటర్లే. ఇన్నేళ్ళూ అతను గిటార్ల మీదా అదే పద్ధతి నడిపాడంటే, కడ్డీ మెలితిరగబోయే క్షణాన పానాలో పుట్టే మెత్తదనం వేలికొసలకు అంది, చెయ్యి ఆగిపోయేది కాబట్టి.

ఆ రోజు అందలేదు. బిగించే వైపుకు పానా కదిలింది. తుప్పు వదిలిందనుకుని అతను ఇంకొంచెం తిప్పాడు.

పుల్ల విరిగినంత చప్పుడు. ఆపైన నట్టు, తెగిన కడ్డీ ముక్కతో సహా, ఊరికే తిరిగింది.

"ఏందన్నా అది?"

"కడ్డీ తెగింది."

"కొత్తది ఏస్తావా?"

"ఏయాలంటే మెడ మీద పలక ఊడదీయాల. నా చేత గాదు." అతను పానా కింద పెట్టాడు. "ఈ మెడ ఇంక నిలబడదమ్మా."

ఆమె గిటారును ఒళ్ళోకి తీసుకున్నది. కొంతసేపు మెడను నిమిరి, అడిగింది: "ఇన్ని చేసినావు గదన్నా. దీన్నెట్టా తెంచినావు?"

పేరమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. జయకుమార్ తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"తెలిస్తే ఆపేవాణ్ణి. తెలవలా. చేతి ఏళ్ళకి తెలిసి ఆర్నెల్లయింది."

కరుణాకుమారి గిటారును గోడకు ఆనించి, బల్ల మీద ఉన్న గాలపు నైలాన్ దారం నుంచి అంగుళం ముక్క కత్తిరించింది. అతణ్ణి కళ్ళు మూసుకోమన్నది. దారం కొన వంగేంతవరకు ఒక్కొక్క వేలికొసకూ ఆనించి, ఎత్తింది.

"తగిలినప్పుడల్లా చెప్పన్నా."

పది వేళ్ళూ అయ్యాక, ఆరోగ్య కేంద్రానికి రాసే చీటీ మీద తేదీ వేసి, దాని కింద స్పర్శ తెలిసిన వేళ్ళ లెక్క రాసింది.

3.