రాములమ్మ సాక్షి సంతకం

మా లేడీస్ హాస్టల్ మెస్‌లో గొడవ ఏదైనా సరే, కాగితం కింద సాక్షి సంతకం మాత్రం వంటమనిషి రాములమ్మదే. ఇరవై ఏళ్లుగా అదే ఆనవాయితీ. అమ్మాయిలూ ఆమెనే నమ్ముతారు, మెస్ నడిపే కాంట్రాక్టరూ ఆమెనే నమ్ముతాడు. అందుకే ఇద్దరూ ఆమె ప్రాణం తోడేస్తారు.

ఒకరోజు నేను పరీక్ష కోసం ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"డ్రాగ్ ఇంటూ అంటే ఏంది భూమికా?"

"మనకు ఇష్టం లేకున్నా ఇంకొకరి లొల్లిలకు గుంజుడు, అమ్మా."

"నా బతుకు సంగతి ఇంగ్లీషోళ్లకు ఎవరు చెప్పిన్రే?" అని పడీపడీ నవ్వింది.

ఆ పూటే "డోంట్ డ్రాగ్ మీ ఇంటూ దిస్" నోటికి పట్టేసింది. వారాసిగూడలో తన ఆడపడుచుల తగవులో వాడింది. తార్నాక సిగ్నల్ దగ్గర ఇద్దరు ఆటోవాళ్లు కొట్లాడుకుంటూ న్యాయం చెప్పమంటే వాళ్ల మీదా వాడింది. ఎక్కడ వాడినా సరిగ్గానే వాడింది. మా క్లాసులో సగం మందికి అది చేతకాదు.

అంతలో పప్పులో పురుగులొచ్చాయి. నా రూమ్మేట్ సింధూజ ఆ గిన్నె తీసుకెళ్లి వార్డెన్ మేడం బల్ల మీద పెట్టింది. పురుగులు తనే వేసి తెచ్చిందని కాంట్రాక్టర్ ఎదురు ఫిర్యాదు రాశాడు. అది నిజమని తేలితే సింధూజ హాస్టల్ సీటు పోతుంది. దాని కింద రాములమ్మ సాక్షి సంతకం పెట్టకపోతే ఆమె పని పోతుంది.

విచారణలో కాంట్రాక్టర్ ఆమె చేతికి పెన్ను ఇచ్చాడు.

"డోంట్ డ్రాగ్ మీ ఇంటూ దిస్" అంది రాములమ్మ.

నాకు ఒళ్లు మండింది. నేర్పింది నేనే కదా! ఈమె తప్పుకుంటే సింధూజకు దిక్కెవరు? ఆమె నోరు విప్పకుంటే చాలన్నట్టు కాంట్రాక్టర్ మాత్రం హాయిగా నవ్వి, "సరే, పో" అన్నాడు.

ఆమె పోలేదు. వార్డెన్ వైపు తిరిగింది.

"మేడం, పప్పు ఏరింది నేను. పురుగులున్నయని పొద్దుగాల్నే ఈ సారుకు చెప్పిన. కడిగి ఎయ్యమన్నడు, ఏసిన. తప్పు నాది గూడ ఉన్నది. బస్తా స్టోర్‌ల గట్లనే ఉన్నది, సూడుండ్రి."

చూశారు. బస్తా నిండా పురుగులే. నెల తిరక్కుండా కాంట్రాక్టర్‌కు కాంట్రాక్టు పోయింది, రాములమ్మ పని నిలిచింది. విచారణ జరిగిన రోజు అమ్మాయిల చప్పట్లతో మా మెస్ మోగినట్టు ఎన్నడూ మోగలేదు.

సింధూజ ఆమెను వాటేసుకుని ఏడ్చింది. "నా లొల్లిలకు నిన్ను గుంజిన, అమ్మా."

"నువ్వేడ గుంజినవ్ బిడ్డా?" రాములమ్మ పిండి చేతులతోనే ఆమె కళ్లు తుడిచింది. "నేనే నడిచొచ్చిన."